ఎడమ రొమ్ము రీకన్‌స్ట్రక్షన్ తర్వాత 2డీ ఎకో: ఎపికల్ విండో దొరకట్లేదు, ఈఎఫ్ ఎలా ఇవ్వాలి?

ప్రశ్న: ఎకో టెక్నీషియన్, వరంగల్

అందరికీ నమస్కారం. హెర్‌2 పాజిటివ్ బ్రెస్ట్ క్యాన్సర్ కేసు. సర్జరీకి ముందే ఆరు సైకిళ్లు అయ్యాయి: డోసిటాక్సెల్, కార్బోప్లాటిన్, వాటితో పాటు ట్రాస్టుజుమాబ్, పెర్టుజుమాబ్. ఆ తర్వాత ఎడమ మాస్టెక్టమీ (రొమ్ము తొలగింపు), అదే సిట్టింగ్‌లో ఛాతీ కండరం కింద టిష్యూ ఎక్స్‌పాండర్ (ఇంప్లాంట్‌కి చోటు చేయడానికి మెల్లగా నింపే సంచి). ట్రాస్టుజుమాబ్‌కి ఏడాది నిండాలి కాబట్టి మూడు వారాలకోసారి డోసు నడుస్తూనే ఉంది. ఆ మందు గుండెని దెబ్బతీయొచ్చు కాబట్టి చేసే మూడు నెలల ఎకో ఇప్పుడు పడింది. సర్జరీ అయి ఎనిమిది వారాలు. ఎక్స్‌పాండర్‌లోకి ఇప్పటిదాకా 360 మి.లీ. సెలైన్ ఎక్కించారు.

సర్జరీకి ముందు బైప్లేన్ సింప్సన్‌లో (రెండు ఎపికల్ వ్యూలలో అంచు గీసి లెక్కించే పద్ధతి) ఈఎఫ్ (ఎడమ జఠరిక ఒక్కో బీట్‌లో బయటికి తోసే రక్తం శాతం) 62, జీఎల్‌ఎస్ (గుండె గోడలు పొడవునా ఎంత శాతం కుదించుకుంటున్నాయో చెప్పే అంకె) మైనస్ 20.1. ఈసారి పారాస్టెర్నల్ (స్టెర్నమ్, అంటే ఛాతీ మధ్య ఎముక పక్క నుంచి తీసే) లాంగ్ యాక్సిస్ సగమే వస్తోంది. ఎపికల్ (గుండె కొన వైపు నుంచి తీసే) ఫోర్ ఛాంబర్‌లో సెప్టమ్ (మధ్య గోడ) బాగుంది గానీ లాటరల్ వాల్ (పక్క గోడ) మధ్య నుంచి అపెక్స్ (కొన) దాకా నల్లగా పోయింది. టూ ఛాంబర్‌లో యాంటీరియర్ వాల్ (ముందు గోడ) అసలు కనిపించట్లేదు. అయినా మెషీన్ జీఎల్‌ఎస్ మైనస్ 15.8 అని లెక్కేసి ఇచ్చేసింది. పాతదానితో పోలిస్తే 21 శాతం పడిపోయినట్టు లెక్క. కంటి అంచనాతో ఈఎఫ్ 55 ఉండొచ్చు. ఆంకాలజీ వాళ్లు రాబోయే డోసు ఇవ్వాలా, ఆపాలా అని అడుగుతున్నారు.

నా సందేహాలు మూడు. ఇలాంటివాళ్లలో విండో (ప్రోబ్ పెడితే గుండె కనిపించే చోటు) ఎక్కడ వెతకాలి? ప్రోబ్ ఎంత గట్టిగా నొక్కవచ్చు? కనిపించని గోడలతో రిపోర్టులో ఏం రాయాలి?


జవాబు 1: సీనియర్ సోనోగ్రాఫర్, హైదరాబాద్

ముందు ఆ మైనస్ 15.8ని పక్కన పెట్టండి. ఒక వ్యూలో ట్రాక్ కాని సెగ్మెంట్లు (గోడ భాగాలు) రెండు దాటితే జీఎల్‌ఎస్ లెక్కించకూడదు. మీరు చెప్పిన బొమ్మలో టూ ఛాంబర్ యాంటీరియర్ వాల్ మొత్తం పోయింది, అంటే అక్కడే మూడు సెగ్మెంట్లు. సాఫ్ట్‌వేర్ ఆ చీకట్లో కూడా ఏదో ఒక మచ్చను పట్టుకుని కదలట్లేదని చెబుతుంది. అది గుండె బలహీనత కాదు, నీడ.

ఇక విండో. ఎక్స్‌పాండర్ ఉన్నవాళ్లలో మామూలు ఎపికల్ చోటు కోసం కుస్తీ పట్టడం వల్లే సగం టైమ్ పోతుంది. ముందు చేత్తో తడిమి ఎక్స్‌పాండర్ అంచు ఎక్కడుందో చూసుకోండి. దాని కింది అంచుకు, అంటే రొమ్ము కింది మడతకు కింద, ఆరో ఇంటర్‌కోస్టల్ స్పేస్‌లో (పక్కటెముకల మధ్య సందు), కాస్త వెనక్కి మిడ్ యాక్సిలరీ లైన్ (చంక మధ్య నుంచి దిగే గీత) వైపు ప్రోబ్ పెట్టి బీమ్‌ని పైకి, కుడి భుజం వైపు చూపించండి. అక్కడ దొరకకపోతే ఏడో స్పేస్. కిందికి పోతే అపెక్స్‌కి దగ్గరవుతారు కాబట్టి ఫోర్‌షార్టెనింగ్ (కొన కోసుకుపోయి గుండె పొట్టిగా కనిపించడం) భయం తక్కువే. పక్కకి మరీ వెనక్కి పోతేనే కోణం తప్పుతుంది. ఎల్‌వీ (ఎడమ జఠరిక) పొడవు డయాస్టోల్‌లో (గుండె సడలినప్పుడు) కొలిచి పాత స్టడీతో పోల్చండి. సెంటీమీటరు పొట్టిగా వస్తే మీరు అపెక్స్‌ని కోసేస్తున్నారన్నమాట.

పారాస్టెర్నల్‌కి స్టెర్నమ్‌ని ఆనుకునే ఉండండి. ఎక్స్‌పాండర్ లోపలి అంచుకీ ఎముకకీ మధ్య వేలెడు సందు చాలామందిలో ఉంటుంది. ప్రోబ్‌ని నిలువుగా పట్టుకుంటే ఆ సందులో ఇముడుతుంది. మూడో స్పేస్‌లో రాకపోతే రెండో స్పేస్‌కి ఎక్కి కిందికి చూపించండి. పూర్తి లాంగ్ యాక్సిస్ రాకపోయినా మైట్రల్ స్థాయిలో, పాపిల్లరీ స్థాయిలో షార్ట్ యాక్సిస్ దొరికితే గోడల కదలిక తెలుస్తుంది.

పడుకోబెట్టే తీరు కూడా మారాలి. పూర్తిగా ఎడమ పక్కకి తిప్పితే నిండుగా ఉన్న ఎక్స్‌పాండర్ మీద బరువు పడి నొప్పెడుతుంది. 30 నుంచి 45 డిగ్రీలు వాల్చి వెనక దిండు పెట్టండి. చంకలోని లింఫ్ గడ్డలు తీసినవాళ్లకి ఎడమ చెయ్యి పూర్తిగా తల మీదికి రాదు. "ఎంతవరకు వస్తే అంతవరకే ఎత్తండమ్మా" అని చెప్పి మోచేతి కింద మరో దిండు పెట్టండి. బీపీ కఫ్ కుడి చేతికి. ఈసీజీ ఎలక్ట్రోడ్ కుట్ల దగ్గర కాకుండా భుజం వెనక అతికించండి. అన్నిటికంటే ముందు తలుపు గడియ, స్క్రీన్, గదిలో ఒక ఆడమనిషి. ఆ పేషెంటుకి ఇది మామూలు ఎకో కాదు. కొత్తగా మారిన ఒంటిని బయటివాళ్లకి చూపించడం బహుశా ఇదే మొదటిసారి. తువ్వాలు కప్పి ఎంత మేర అవసరమో అంతే తెరవండి.

సబ్‌కోస్టల్ (పక్కటెముకల కింద పొట్ట పైభాగం నుంచి చూడటం) వదలొద్దు. ఈ కేసులో అదే మీకు ప్రధాన ద్వారం. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడిచి, గాలి నిండా పీల్చి ఆపమనండి. ఫోర్ ఛాంబర్ తీశాక ప్రోబ్‌ని 90 డిగ్రీలు తిప్పితే షార్ట్ యాక్సిస్ వస్తుంది. అందులో లాటరల్, యాంటీరియర్ గోడలు కనిపిస్తాయి, సరిగ్గా మీకు కావలసినవే. కానీ సబ్‌కోస్టల్ నుంచి సింప్సన్ గీసి ఎపికల్ బైప్లేన్‌తో పోల్చవద్దు. గోడ కదలికకు సాక్ష్యంగానే వాడండి.

మెషీన్ సెట్టింగు: ఫ్రీక్వెన్సీ ఒక మెట్టు తగ్గించండి, డెప్త్ రెండు సెంటీమీటర్లు పెంచండి, సెక్టార్ (బొమ్మ వెడల్పు) సన్నం చేయండి. స్ట్రెయిన్ (జీఎల్‌ఎస్ కొలత) తీసేటప్పుడు ఫ్రేమ్ రేటు సెకనుకి 40 నుంచి 80 మధ్య ఉండాలి. డెప్త్ పెంచితే అది పడిపోతుంది కాబట్టే సెక్టార్ సన్నం చేయమన్నాను.


జవాబు 2: ప్లాస్టిక్ సర్జన్, విజయవాడ

ఎంత నొక్కవచ్చు అనే ప్రశ్నకి ఒకే జవాబు లేదు. లోపల ఏ ఆపరేషన్ జరిగిందో తెలియకుండా ప్రోబ్ పెట్టవద్దు. డిశ్చార్జ్ సమ్మరీ తెప్పించుకోండి. అందులో చూడాల్సింది ఏ వైపు, ఏ రకం, ఎన్ని వారాలైంది అన్నవి.

మీ పేషెంటుది ఎక్స్‌పాండర్, ఎనిమిది వారాలు. గాయం మానింది కాబట్టి మామూలు ఒత్తిడికి భయం లేదు. ఎక్స్‌పాండర్ పగలదు. కానీ రెండు విషయాలు గుర్తుంచుకోండి. మాస్టెక్టమీ తర్వాత ఆ చర్మానికి స్పర్శ చాలావరకు ఉండదు. "నొప్పి లేదు" అని పేషెంట్ అన్నంత మాత్రాన మీరు నొక్కింది తక్కువని కాదు. అదే కారణంగా వేడి చేసిన జెల్ నేరుగా ఆ చర్మం మీద వేయకండి. కాలుతున్నా తెలియదు. ముందు మీ మణికట్టు మీద వేసి చూడండి, గోరువెచ్చదనం దాటకూడదు. రేడియేషన్ తీసుకున్న చర్మమైతే ఇంకా పలచగా ఉంటుంది.

అసలు ప్రమాదం సొంత కణజాలంతో చేసిన రొమ్ముల్లో ఉంది. పొత్తికడుపు కొవ్వు, చర్మం తెచ్చి పెట్టే డీఐఈపీ ఫ్లాప్‌లో రక్తనాళాలను ఎక్కడ కలుపుతామో తెలుసా? స్టెర్నమ్ పక్కన, రెండు మూడు పక్కటెముకల దగ్గర, ఇంటర్నల్ మామరీ నాళాలకి. కొన్నిసార్లు మూడో పక్కటెముక మృదులాస్థి ముక్క తీసేసి మరీ కలుపుతాం. అంటే మీ పారాస్టెర్నల్ విండో సరిగ్గా మా కుట్ల మీద ఉంటుంది. రెండు మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న నాళాలు అవి, మీద ఎముక కాపు కూడా ఉండకపోవచ్చు. మొదటి వారంలో అక్కడ నొక్కితే సిర మూసుకుపోయి ఫ్లాప్ మొత్తం పోవచ్చు. మేము నాలుగు నుంచి ఆరు వారాల దాకా ఎడమ పారాస్టెర్నల్‌లో ప్రోబ్ ఆనించవద్దనే చెబుతాం. తప్పనిసరైతే సర్జన్ పక్కన ఉండాలి, జెల్ మందంగా వేసి ప్రోబ్ తేలుతున్నట్టు పట్టాలి. ఫ్లాప్ చర్మం మీద ఒక చిన్న కుట్టు గానీ మార్కర్ చుక్క గానీ కనిపిస్తే అది నర్సులు గంటగంటకీ డాప్లర్ పెట్టి రక్తప్రసరణ వినే చోటు. జెల్ తుడిచేటప్పుడు దాన్ని చెరిపేయకండి.

అలా చేసినవాళ్లలో కలర్ డాప్లర్ పెడితే స్క్రీన్ పైభాగంలో, గుండెకి ఇవతల, సన్నటి ప్రవాహం కనిపిస్తుంది. అది మేము కలిపిన నాళమే, ఫిస్టులా (నాళాల మధ్య అసహజమైన దారి) అని రాయకండి.

పెడికిల్డ్ ట్రామ్ ఫ్లాప్‌లో కథ తిరగబడుతుంది. అందులో కండరాన్ని దాని నాళంతో సహా పక్కటెముకల అంచు మీదుగా సొరంగంలోంచి పైకి తెస్తాం. మీ సబ్‌కోస్టల్ చోటు దాని దారి. డీఐఈపీ అయినా, ట్రామ్ అయినా పొట్ట చర్మం పక్కటెముకల దాకా లేపి బిగించి కుడతాం కాబట్టి మొదటి నెలలో పొట్ట లోపలికి నొక్కనివ్వదు, నొక్కనూ కూడదు. వీపు నుంచి తెచ్చే లాటిసిమస్ ఫ్లాప్‌లో నాళం చంకలోంచి వస్తుంది. తొలి రోజుల్లో చెయ్యి బాగా పైకెత్తించడం, ఎడమ పక్క మీద పడుకోబెట్టడం రెండూ వద్దు. వీపులో డ్రెయిన్ కూడా ఉంటుంది.

ఇంకొకటి. ఎక్స్‌పాండర్‌లోకి సెలైన్ వారం, రెండు వారాలకోసారి 50 నుంచి 100 మి.లీ. చొప్పున ఎక్కిస్తాం. ఎకో ఆ ఫిల్లింగ్‌కి ముందు రోజు పెట్టుకోండి, తర్వాతి రోజు కాదు. అప్పుడు కండరం కాస్త సడలి ఉంటుంది, పేషెంట్ కూడా పక్కకి తిరగగలుగుతుంది. కొందరు సర్జన్లు కండరం పైన పెట్టే ఎక్స్‌పాండర్‌లో మొదట గాలి నింపి తర్వాత సెలైన్‌కి మారుస్తారు. గాలి ఉన్నన్నాళ్లు దాని గుండా మీకు ఒక్క గీత కూడా కనిపించదు. సర్జన్‌కి ఫోన్ చేసి అడిగితే ఒక్క నిమిషంలో తేలుతుంది.


ప్రశ్నించినవారు

చాలా థ్యాంక్స్ సార్, థ్యాంక్స్ మేడమ్. మా దగ్గరికి ఎక్స్‌పాండర్ తీసేసి సిలికాన్ ఇంప్లాంట్ వేసినవాళ్లూ వస్తున్నారు. వాళ్లలో గుండె ఎప్పుడూ లోతుగా కనిపిస్తుంది. అది నిజంగా లోతా, మెషీన్ పొరపాటా?


జవాబు 3: సీనియర్ సోనోగ్రాఫర్, హైదరాబాద్

కొంత మెషీన్ పొరపాటే. ధ్వని ఒంట్లో సెకనుకి 1540 మీటర్లు పోతుందని మెషీన్ నమ్ముతుంది. సిలికాన్ జెల్‌లో అది దాదాపు 1000 మీటర్లే. 3 సెం.మీ. సిలికాన్ దాటడానికి 30 మైక్రోసెకన్లు పడుతుంది. మెషీన్ ఆ 30 మైక్రోసెకన్లని తన లెక్కలో 4.6 సెం.మీ. అనుకుంటుంది. కాబట్టి వెనకున్న గుండె మొత్తం సెంటీమీటరున్నర కిందికి జరిగినట్టు కనిపిస్తుంది. సెలైన్‌లో వేగం ఒంట్లో ఉన్నట్టే ఉంటుంది కాబట్టి ఆ జరుగుడు లేదు. అక్కడ ఇబ్బంది తొడుగు పొరల మధ్య ప్రతిధ్వనులు, ఇంజెక్షన్ పోర్టు కింది లోహపు బిళ్ల వేసే నీడ. పోర్టు సాధారణంగా పైభాగంలో ఉంటుంది. అందుకే కొందరిలో ఎక్స్‌పాండర్ కింది సగం గుండా చూస్తే బొమ్మ పనికొచ్చేలా వస్తుంది, ప్రయత్నించి చూడండి.

కొలతల మీద ఇది ఎలా పడుతుందంటే: బీమ్ దిశలో కొలిచేవి మారవు. గోడ మందం, మైట్రల్ యాన్యులస్ (మైట్రల్ వాల్వు చుట్టూ ఉండే వలయం) ఎన్ని మిల్లీమీటర్లు కదిలింది అనేవి సిలికాన్ దాటాక గుండెలోనే కొలుస్తున్నాం కాబట్టి సరిగానే ఉంటాయి. కానీ సెక్టార్ విసనకర్రలా విచ్చుకుంటుంది, లోతుగా ఉందని అనుకున్నది వెడల్పుగా కూడా చూపిస్తుంది. అందువల్ల ఎల్‌వీ వాల్యూమ్ కాస్త ఎక్కువ రావచ్చు. ఇంప్లాంట్ గుండా తీసిన వాల్యూమ్‌ని సర్జరీ ముందు వాల్యూమ్‌తో పోల్చి గుండె పెద్దదైంది అనకండి. ఈఎఫ్ నిష్పత్తి కాబట్టి దెబ్బ తక్కువ. సిలికాన్ ధ్వనిని బాగా మింగేస్తుంది, పైగా దాని గుండ్రటి అంచు దగ్గర బీమ్ వంగిపోయి పక్కనే నిలువు నీడ పడుతుంది. లాటరల్ వాల్ పోయిందంటే చాలాసార్లు ఆ అంచు నీడే. ప్రోబ్‌ని ఒక సెంటీమీటరు జరిపితే నీడ కూడా జరుగుతుంది. గోడ నిజంగా పలచబడి ఉంటే జరగదు. ఆ తేడా గమనించండి.

సెలైన్ ఎక్స్‌పాండర్‌ని ఎవరో పెరికార్డియల్ ఎఫ్యూజన్ (గుండె చుట్టూ నీరు) అనుకోవడం కూడా జరిగే పొరపాటే. స్క్రీన్ పైనున్న నల్లటి ఖాళీ పక్కటెముకలకి ఇవతల ఉంటే అది ఎక్స్‌పాండరో, చుట్టూ చేరిన సీరోమానో (గాయంలో ఊరే నీరు). పక్కటెముక నీడ దాని కింద నుంచి మొదలవుతుంది. సబ్‌కోస్టల్‌లో గుండె చుట్టూ నీరు లేకపోతే ఎఫ్యూజన్ లేనట్టే.


జవాబు 4: కార్డియాలజిస్ట్, కార్డియో ఆంకాలజీ క్లినిక్, హైదరాబాద్

మూడో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. నాకు అదే ముఖ్యం. రిపోర్టులో రాసే ఒక్క అంకె మీద ఆమెకి ట్రాస్టుజుమాబ్ ఆగుతుంది, లేదా సాగుతుంది. ఆగితే క్యాన్సర్ మందు తప్పుతుంది. తప్పుడు ధైర్యంతో సాగితే గుండె దెబ్బతింటుంది. కంటితో చూసి 55 అని రాయడం ఈ పేషెంట్లలో నేను ఒప్పుకోను. 2డీ ఈఎఫ్‌లో ఒక స్టడీకీ ఇంకో స్టడీకీ మధ్య, చేసేది ఒకరే అయినా, దాదాపు 10 పాయింట్ల తేడా ఉత్తినే రాగలదు. మనం పట్టుకోవాలనుకుంటున్న మార్పు కూడా అంతే. అందులోనూ గోడలు కనిపించకపోతే ఇక చెప్పేదేముంది. అలాగే పారాస్టెర్నల్ ఎమ్ మోడ్ (ఒకే గీత వెంట కదలికని చూపేది) నుంచి టైఖోల్జ్ ఈఎఫ్ (ఆ ఒక్క గీత కొలతతో లెక్కించేది) తీసి వరుసలో పెట్టడం కూడా వద్దు.

ఎపికల్ వ్యూలలో పక్కపక్కన ఉన్న రెండు సెగ్మెంట్లు కనిపించకపోతే కాంట్రాస్ట్ (సిరలోకి ఇచ్చే సన్నటి బుడగల మందు) ఇవ్వాలి. మీ కేసు అందులోకే వస్తుంది. సోనోవ్యూ అనే కాంట్రాస్ట్ ఉంటే వయల్‌లో 5 మి.లీ. సెలైన్ కలిపి 20 సెకన్లు గట్టిగా ఊపండి. కుడి చేతికి 20 గేజ్ క్యాన్యులా. లేబుల్ డోసు 2 మి.లీ., కానీ ఈఎఫ్ కోసం అర మి.లీ. చొప్పున ఇచ్చి వెనకాలే సెలైన్ మెల్లగా తోస్తే చాలాసార్లు సరిపోతుంది. మెకానికల్ ఇండెక్స్ (ఎంఐ, ధ్వని తాకిడి కొలత) 0.2 కంటే తక్కువ పెట్టండి. అపెక్స్ దగ్గర బుడగలు సుడులు తిరుగుతూ చెదిరిపోతుంటే ఎంఐ ఎక్కువైనట్టు. కింది సగం చీకటైపోతే మందు ఎక్కువైనట్టు, కొన్ని బీట్లు ఆగితే తేరుకుంటుంది. అలర్జీ రియాక్షన్ అరుదు, కానీ అడ్రినలిన్, ఆక్సిజన్ గదిలో ఉండాల్సిందే. ఒక హద్దు గుర్తుంచుకోండి: సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట కాంట్రాస్ట్ అంచుని వెలిగిస్తుంది. లోహపు పోర్టు నీడలోనో, గాలి వెనకో సిగ్నలే లేనప్పుడు అదేమీ చేయలేదు. అందుకే ముందు కింది మడత నుంచి విండో సరిచేసుకుని తర్వాతే కాంట్రాస్ట్ ఇవ్వండి. కాంట్రాస్ట్ ఇచ్చాక స్ట్రెయిన్ తీయకండి, ముందే తీసుకోవాలి.

జీఎల్‌ఎస్ రాకపోతే చేతులెత్తేయనక్కర్లేదు. సెప్టల్ వైపు విండో బాగుందన్నారు కదా. ఎమ్ మోడ్‌తో సెప్టల్ మేప్సీ (మైట్రల్ యాన్యులస్ ఎంత దూరం కదిలింది), టిష్యూ డాప్లర్‌తో సెప్టల్ ఎస్ ప్రైమ్ (అది ఎంత వేగంగా కదిలింది) తీసి రాయండి. సర్జరీ ముందు క్లిప్పుల్లోంచి వాటినే తీయగలిగితే పోలిక దొరుకుతుంది. గుండె దెబ్బని చూపే రక్తపరీక్షలు ట్రోపోనిన్, ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ పాతవి ఉంటే మళ్లీ పంపండి. నార్మల్‌గా ఉంటే ధైర్యం, పెరిగితే హెచ్చరిక. ఆ రెండూ ఈఎఫ్‌కి బదులు కావు.

అప్పటికీ అంకె రాకపోతే చాలామంది వెంటనే కార్డియాక్ ఎమ్మారై రాస్తారు. ఆగండి. ఎక్స్‌పాండర్ పోర్టుని చర్మం మీద నుంచి వెతకడానికి చాలా మోడళ్లలో లోపల అయస్కాంతం ఉంటుంది. అలాంటిదానితో ఎమ్మారైలోకి పంపకూడదు, పోర్టు జరగొచ్చు, వేడెక్కొచ్చు. అయస్కాంతం లేని మోడళ్లూ వచ్చాయి, అందుకే ఇంప్లాంట్ కార్డు చూసి, సర్జన్‌తో, రేడియాలజీతో మాట్లాడాకే రాయాలి. ఎక్స్‌పాండర్ తీసి సిలికాన్ ఇంప్లాంట్ వేశాక ఆ అడ్డు లేదు. ఈలోపు మ్యూగా స్కాన్ (రేడియోధార్మిక మందుతో గుండె పంపింగ్ చూసే పరీక్ష) ఉంది. దానికి ఎక్స్‌పాండర్ అడ్డు కాదు, ఈఎఫ్ స్థిరంగా ఇస్తుంది. రేడియేషన్ ఉంటుంది, వాల్వులు, పెరికార్డియం చెప్పదు. పైగా మ్యూగా ఈఎఫ్‌నీ ఎకో ఈఎఫ్‌నీ ఒకే వరుసలో పెట్టి పడిపోయింది, పెరిగింది అనకండి. ఒకసారి మ్యూగాకి మారితే ఎక్స్‌పాండర్ తీసేదాకా మ్యూగానే.

రాబోయే డోసు గురించి. లక్షణాలు లేవు, సెప్టమ్ బాగా కదులుతోంది, కంటి అంచనా 50 పైనే. ఈ ఆధారంతో మందు ఆపమని నేను చెప్పను. ఈఎఫ్ 10 పాయింట్లకి పైగా పడి 50 కంటే దిగువకి వస్తేనే అది కార్డియోటాక్సిసిటీ (మందు వల్ల గుండెకి దెబ్బ) లెక్క. జీఎల్‌ఎస్ 15 శాతానికి పైగా పడిపోవడం తొలి హెచ్చరిక. అది నిజమైన జీఎల్‌ఎస్ అయితేనే సుమా, మీకొచ్చింది అది కాదు. కాంట్రాస్ట్ ఎకో ఈ వారంలోనే పెట్టండి. ఆంకాలజీ వాళ్లకి మాత్రం ఫోన్‌లోనే చెప్పండి, కాగితం మీద 55 చూసి వాళ్లు వేరేలా అర్థం చేసుకోకుండా.

రిపోర్టు ఇలా ఉండాలి: "ఎడమవైపు కండరం కింద ఎక్స్‌పాండర్, 360 మి.లీ. సెలైన్, సర్జరీ తర్వాత 8 వారాలు. యాంటీరియర్, లాటరల్ గోడలు ఎపికల్ వ్యూలలో కనిపించలేదు. సబ్‌కోస్టల్ షార్ట్ యాక్సిస్‌లో వాటి కదలిక ఇలా ఉంది. బైప్లేన్ ఈఎఫ్ కొలవడానికి వీలుకాలేదు. జీఎల్‌ఎస్ ఇవ్వడం లేదు. పరీక్ష సమయంలో బీపీ ఇంత. కాంట్రాస్ట్‌తో మళ్లీ చేయాలి." ప్రోబ్ ఏ స్పేస్‌లో పెడితే ఏ వ్యూ వచ్చిందో కూడా రాయండి. మూడు నెలల తర్వాత చేసేవాళ్లకి ఆ వాక్యం బంగారం.

ఇంకా సర్జరీ కాని పేషెంట్లు మీ దగ్గరికొస్తే మాస్టెక్టమీకి ముందు వారంలో ఒక పూర్తి ఎకో చేసిపెట్టండి. అందులో సబ్‌కోస్టల్ ఫోర్ ఛాంబర్, షార్ట్ యాక్సిస్ లూపులు, మేప్సీ, ఎస్ ప్రైమ్ తప్పక ఉండాలి. మామూలు ఎకోలో విండో బాగుందని ఇవన్నీ వదిలేస్తాం. తర్వాత పోల్చడానికి మిగిలేవి అవే.


ప్రశ్నించినవారు

ఆరో స్పేస్‌లో, మిడ్ యాక్సిలరీకి కొంచెం ముందు పెడితే ఫోర్ ఛాంబర్ అపెక్స్‌తో సహా వచ్చింది. ఎల్‌వీ పొడవు పాతదానితో 3 మి.మీ. తేడా. కాంట్రాస్ట్‌తో టూ ఛాంబర్ యాంటీరియర్ వాల్ కూడా బేసల్ సెగ్మెంట్ తప్ప అంతా వెలిగింది. బైప్లేన్ ఈఎఫ్ 59. సెప్టల్ మేప్సీ 13 మి.మీ., పాత క్లిప్పులో 14. ట్రోపోనిన్ నార్మల్. ఆంకాలజీ డాక్టర్‌తో మా సార్ మాట్లాడారు, డోసు ఇస్తున్నారు.

ఒక చిన్న ప్రశ్న మిగిలింది. వచ్చే వారం ఇంకో పేషెంట్ ఉన్నారు. రెండు వైపులా మాస్టెక్టమీ, రెండు చంకల్లోనూ గడ్డలు తీశారు. కాంట్రాస్ట్ క్యాన్యులా, బీపీ కఫ్ ఎక్కడ?


జవాబు 5: కార్డియాలజిస్ట్, కార్డియో ఆంకాలజీ క్లినిక్, హైదరాబాద్

59 నిజంగా మంచి వార్త. తర్వాతి ఎకో కూడా అదే మెషీన్ మీద, అదే ఆరో స్పేస్ నుంచి, కాంట్రాస్ట్‌తోనే చేయండి. లేకపోతే మళ్లీ పోలిక పోతుంది.

రెండు వైపులా తీసినవాళ్లలో ఏ వైపు సెంటినెల్ గడ్డలు (రొమ్ము నుంచి లింఫ్ మొదట చేరే కొన్ని గడ్డలు) మాత్రమే తీశారో, ఏ వైపు చంక మొత్తం శుభ్రం చేశారో సమ్మరీలో చూడండి. సెంటినెల్ వైపు, వాపు లేని చెయ్యి వాడుకోవచ్చు. ఒకసారికే, శుభ్రంగా, టోర్నికే ఎక్కువసేపు బిగించకుండా. రెండు వైపులా పూర్తిగా తీసి ఉంటే, లేదా వాడదామనుకున్న చేతికి వాపు ఉంటే, కీమో పోర్టు (మందులు ఎక్కించడానికి చర్మం కింద పెట్టే ద్వారం) ఇంకా ఉందేమో చూడండి. ట్రాస్టుజుమాబ్ నడుస్తోంది కాబట్టి చాలామందికి ఉంటుంది. దాన్ని మీరు తెరవకండి, ఆంకాలజీ డేకేర్ నర్సుని పిలిచి హ్యూబర్ సూదితో తెరిపించండి. బుడగలు ఒత్తిడికి పగులుతాయి కాబట్టి కాంట్రాస్ట్ మెల్లగా తోయాలి. అయ్యాక లాక్ కూడా ఆ నర్సే వేయాలి. ట్రాస్టుజుమాబ్ డోసు ఉన్న రోజే ఎకో పెట్టుకుంటే, డోసుకి ముందు, అదే సూదితో రెండు పనులూ అయిపోతాయి. ఆమెకి ఒక పోటు తప్పుతుంది.

బీపీ పెద్ద కఫ్‌తో తొడకి చూడవచ్చు. చేతి బీపీ కంటే అది కాస్త ఎక్కువ చూపిస్తుంది, అందుకని రిపోర్టులో "తొడ దగ్గర" అని రాయండి. తర్వాతి ఎకోలో కూడా అక్కడే చూడండి, బీపీ మారితే జీఎల్‌ఎస్ కూడా మారుతుంది.